కాఫీ కళ్లు, గోధుమ మేను

స్పానిష్‌లో జుట్టుకు ఒక గోధుమరంగు, కంటికి మరొకటి, ఒంటికి ఇంకొకటి. ఆ మాటల వెనక తిండిగింజలున్నాయి, వలస పాలన నాటి లెక్కలున్నాయి. తప్పిపోయిన బిడ్డల కోసం తల్లులు రాసుకుంటున్న ఆనవాళ్లూ ఉన్నాయి.

మెక్సికో నగరం నడిబొడ్డున పసియో దె లా రిఫార్మా అనే రాజమార్గం ఉంది. దాని మీద ఒక కూడలిలో దశాబ్దాలపాటు నిలిచిన పెద్ద ఖర్జూర జాతి చెట్టు జబ్బుపడి చచ్చిపోవడంతో 2022 ఏప్రిల్‌లో నగర పాలకులు దాన్ని తొలగించారు. మరుసటి నెలలోనే తప్పిపోయినవారి కుటుంబాలు అక్కడికి చేరాయి. చుట్టూ తమవాళ్ల ఫొటోలు అతికించి, ఆ చోటుకు తామే కొత్త పేరు పెట్టుకున్నాయి: అదృశ్యమైనవారి కూడలి. అదే నెలలో మెక్సికో ప్రభుత్వ జాబితాలో ఆచూకీ తెలియనివారి సంఖ్య లక్ష దాటింది. ఆ తర్వాత కూడా అది పెరుగుతూనే పోయింది.

అలాంటి ఒక్కో కాగితాన్ని అక్కడ 'ఫిచా' అంటారు. పైన ఫొటో, కింద పేరు, వయసు, ఎత్తు, చివరిసారి కనిపించిన తేదీ. ఆ తర్వాత మూడు వరుసలు దాదాపు ప్రతి ఫిచాలోనూ ఉంటాయి. తెస్, అంటే మేని ఛాయ: మొరేనా క్లారా. కబేయో, అంటే జుట్టు: కస్తాన్యో ఓస్కూరో. ఓహోస్, అంటే కళ్లు: కఫే.

ఈ మూడు వరుసలను ఇంగ్లీషులోకి మారిస్తే మూడుచోట్లా ఒకే మాట వస్తుంది: బ్రౌన్. తెలుగులోనైతే గోధుమరంగు. స్పానిష్ మాత్రం ఒక మనిషి ముఖాన్ని వర్ణించడానికి మూడు వేరువేరు మాటలు వాడింది. ఒకదాని చోట మరొకటి పెడితే వాక్యం తప్పుతుంది. ఒక్కోసారి మనిషే తప్పిపోతాడు.

ఒక బ్రౌన్, అయిదు మాటలు

హైదరాబాద్‌లోని ఇఫ్లూలోనో, ఢిల్లీలోని సెర్వాంటెస్ ఇన్‌స్టిట్యూట్‌లోనో స్పానిష్ మొదలుపెట్టే విద్యార్థికి తొలి పాఠాల్లోనే ఈ చిక్కు ఎదురవుతుంది. నిఘంటువులో బ్రౌన్‌కు ఎదురుగా 'మర్రోన్' అని ఉంటుంది. దాన్ని పట్టుకుని తన స్నేహితురాలికి 'పెలో మర్రోన్' ఉందని రాస్తే టీచర్ దిద్దుతారు. బూట్లు మర్రోన్ కావచ్చు, బల్ల మర్రోన్ కావచ్చు, స్పెయిన్‌లోనైతే కళ్లూ మర్రోన్ కావచ్చు. జుట్టు మాత్రం 'కస్తాన్యో'. జుట్టును మర్రోన్ అంటే అర్థం కాకపోదు గానీ, జుట్టుకు ఎవరో గోడ రంగు పూసినట్టు వినిపిస్తుంది.

అక్కడితో ఆగదు. బ్రౌన్ షుగర్‌ను స్పానిష్‌వాళ్లు 'మొరేనో' పంచదార అంటారు. ఉత్తర స్పెయిన్ కొండల్లో తిరిగే బ్రౌన్ ఎలుగుబంటిని 'పార్దో' ఎలుగు అంటారు. బ్రౌన్ రైస్‌కైతే అసలు రంగుతోనే పని లేదు, 'పూర్తి బియ్యం' అంటారు. ఈ చివరిది తెలుగువారికి వింతగా ఉండదు. ఇంగ్లీషులో బ్రౌన్ రైస్ అని కొనేదాన్ని మన ఇళ్లలో దంపుడు బియ్యం అనే పిలిచారు. అక్కడా రంగు కాదు చూసింది, పని.

వ్యాకరణమూ మాట మాటకూ మారుతుంది. కస్తాన్యో అనేది లింగాన్ని బట్టి మారుతుంది. జుట్టు కస్తాన్యో అయితే, స్త్రీలింగమైన గడ్డం కస్తాన్యా అవుతుంది. (అవును, స్పానిష్‌లో గడ్డం స్త్రీలింగమే.) మర్రోన్‌కు ఆ మార్పు లేదు, బహువచనం మాత్రం ఉంది. కఫే ఇంకా మొండిది. అది మొదట కాఫీ గింజ పేరు కాబట్టి చాలామంది దాన్ని బహువచనంలోకి మార్చకుండానే కళ్లకు తగిలిస్తారు. మరికొందరు 'కఫేస్' అంటారు. రెండూ చెల్లుతాయి. తేనె రంగు కళ్లను 'ఓహోస్ కొలోర్ మియెల్' అంటే, మియెల్ అనే తేనె మాట ఎన్ని కళ్లున్నా ఏకవచనంలోనే ఉండిపోతుంది.

పొయ్యి మీదివీ, చెట్టు మీదివీ

ఈ మాటలు ఎక్కడినుంచి వచ్చాయో చూస్తే వంటింటి అలమర తెరిచినట్టు ఉంటుంది. కస్తాన్యో చెస్ట్‌నట్ కాయ నుంచి వచ్చింది. లాటిన్‌లో కస్తానియా, స్పానిష్‌లో కస్తాన్యా. పనసగింజ కన్నా కాస్త గుండ్రంగా, మెరిసే ముదురు పెంకుతో ఉండే ఈ కాయ ఉత్తర స్పెయిన్‌లోని గలీసియా, అస్తూరియాస్ ప్రాంతాల్లో ఒకప్పుడు పేదల కడుపు నింపింది. ఇప్పటికీ నవంబర్ చలిలో మంటలు వేసి వాటిని కాల్చుకు తినే పండుగ అక్కడ జరుగుతుంది. జుట్టు మీద వెలుతురు పడితే మెరిసే తీరుకు ఆ పెంకు కన్నా మంచి పోలిక ఆ ఊళ్లవాళ్లకు దొరకలేదు.

తమాషా ఏమిటంటే మర్రోన్ కూడా చెస్ట్‌నట్టే. ఫ్రెంచిలో పెద్ద సైజు తినే చెస్ట్‌నట్‌ను మర్రాన్ అంటారు. ఆ మాట రంగు పేరుగా మారి, సరిహద్దు దాటి స్పానిష్‌లోకి వచ్చింది. ఇలా ఒకే కాయ రెండు దారుల్లో వచ్చి రెండు రంగులైంది. ఇంట్లో పుట్టినది తలకెక్కింది. ఫ్రాన్స్ నుంచి వచ్చినది బట్టలకూ, బూట్లకూ, స్పెయిన్‌లో కళ్లకూ సరిపెట్టుకుంది.

కఫే కథ ఇంకా కొత్తది. కాఫీ ఐరోపాకు 17వ శతాబ్దంలో గానీ అలవాటు కాలేదు, మెక్సికోకు 18వ శతాబ్దంలో గానీ చేరలేదు. అంటే ఈరోజు కోట్లాది మెక్సికన్లు తమ కళ్లకు చెప్పుకునే రంగుకు ఆ పేరు వచ్చి నిండా మూడు వందల ఏళ్లు కూడా కాలేదు. అంతకు ముందు అవే కళ్లను పార్దో అనో, కస్తాన్యో అనో, నల్లవనో అనుకునేవారు. కళ్లు మారలేదు, తాగేది మారింది.

స్పానిష్ దాదాపు 50 కోట్ల మందికి మాతృభాష, 20 దేశాల్లో అధికార భాష. కళ్ల రంగును బట్టి మాట్లాడేవాళ్లది ఏ దేశమో పోల్చుకోవచ్చు. మెక్సికో, మధ్య అమెరికా, కొలంబియా, చిలీల్లో కఫే వినిపిస్తుంది. స్పెయిన్, అర్జెంటీనా, పెరూల్లో మర్రోన్. క్యూబాలో ఈ రెండూ కాక 'కార్మెలితా' అనే మాట ఉంది. కార్మెలైట్ సన్యాసినులు తొడుక్కునే ముదురు గోధుమ అంగీ రంగు అది. కాషాయం అనగానే మనకు సన్యాసులు గుర్తొచ్చినట్టే, క్యూబావాళ్లకు ఆ రంగుతో మఠం గుర్తొస్తుంది.

మనదేశంలో చూసినా పద్ధతి అదే. హిందీలో కళ్లను 'కత్థయీ' అంటారు, అంటే పాన్‌లో వేసే కాచు రంగు. తెలుగులో గోధుమ ఉంది, చీరల కొట్లో కాఫీపొడి రంగు ఉంది, పెద్దవాళ్ల నోట ముక్కుపొడి రంగు ఉంది. ఏ భాషవాళ్లయినా ఈ రంగును తాము తినేదాంట్లోనో, తాగేదాంట్లోనో, నమిలేదాంట్లోనో వెతుక్కున్నారు. దానికి కారణం లేకపోలేదు. అమెరికన్ పరిశోధకులు బ్రెంట్ బెర్లిన్, పాల్ కే 1969లో 98 భాషలను పోల్చి చూసి, రంగుల పేర్లు భాషల్లో ఒక వరుసలో పుడతాయని ప్రతిపాదించారు. ముందు నలుపు, తెలుపు. తర్వాత ఎరుపు. ఆపై ఆకుపచ్చ, పసుపు, నీలం. గోధుమరంగు వంతు వాటి తర్వాతే. ఆ సిద్ధాంతంపై తర్వాత చాలా వాదనలు జరిగాయి. కానీ గోధుమరంగు ఆలస్యంగా వచ్చే అతిథి అన్న సంగతి స్పానిష్ విషయంలో కళ్లకు కడుతుంది. అది వచ్చేసరికి ఇంట్లో ఉన్న వస్తువుల పేర్లే పెట్టాల్సి వచ్చింది.

మొరేనో అంటే ఎవరు?

అన్నిటికన్నా జారిపోయే మాట మొరేనో. దాని పుట్టుక 'మోరో'లో ఉంది. క్రీ.శ. 711లో ఉత్తర ఆఫ్రికా నుంచి జలసంధి దాటి వచ్చి, స్పెయిన్‌లో కొంత భాగాన్నయినా 1492 దాకా ఏలిన ముస్లింలను స్పానిష్ క్రైస్తవులు మోరోలన్నారు. వాళ్లలాంటి ఛాయ గలవాడు మొరేనో. శత్రువు పేరు నుంచి వచ్చిన మాట కాలక్రమంలో ముద్దుమాట అయింది.

ఈరోజు మాడ్రిడ్‌లో ఒకమ్మాయిని మొరేనా అంటే ఆమె జుట్టు నల్లగానో ముదురు గోధుమగానో ఉందని అర్థం. మేను పాలలా తెల్లగా ఉన్నా సరే. వేసవిలో సముద్రం ఒడ్డున ఎండకు కమిలిన తెల్లవాడూ కొన్నాళ్లు మొరేనో అవుతాడు. మెక్సికోలో అదే మాట జుట్టును వదిలి ఒంటి మీదికి వస్తుంది: చామనఛాయ నుంచి ముదురు ఛాయ దాకా. కరీబియన్ దీవుల్లో చాలాచోట్ల ఆఫ్రికన్ సంతతివారిని నేరుగా నల్లవారు అనకుండా మర్యాదగా మొరేనో అంటారు. మాడ్రిడ్ పోలీసు మొరేనో కోసం వెతికితే ఒకడు దొరుకుతాడు, శాంటో డొమింగో పోలీసు వెతికితే మరొకడు.

మనకు ఇది అర్థం కాని సంగతేమీ కాదు. పెళ్లిచూపులకు వెళ్లొచ్చి 'పిల్ల ఎర్రగా ఉంది' అంటే ఆ ఎరుపు మిరపకాయ ఎరుపు కాదని తెలుగు తెలిసిన ప్రతివాళ్లకూ తెలుసు. పిల్లి కళ్లు అంటే పిల్లితో పని లేదు. మనిషి మీదికి వచ్చేసరికి రంగు మాటలు రంగుల పట్టికను వదిలేసి ఊరివాళ్ల కట్టుబాటులోకి వెళ్లిపోతాయి.

గోధుమే అక్కడ కూడా ఉంది. త్రీగో అంటే గోధుమ, 'త్రిగేన్యో' అంటే గోధుమవన్నె మనిషి. హిందీ పెళ్లి ప్రకటనల్లోని 'గేహువా', ఇంగ్లీషు ప్రకటనల్లోని 'వీటిష్'కు ఇది సరిజోడు. ప్యూర్టోరికోలో ఈ మాటకు విస్తృతి ఎక్కువ. కాస్త ఎండ తగిలినట్టున్న మనిషి నుంచి నల్లని మనిషి దాకా ఎవరినైనా నొప్పించకుండా త్రిగేన్యో అనొచ్చు. మెక్సికో ఫిచాల్లో 'అపిన్యొనాదా' అనే మరో ఛాయ కనిపిస్తుంది. పిన్యోన్ అంటే దేవదారు జాతి చెట్టు గింజ. ఆ గింజ పప్పు రంగు.

ఇన్ని మాటల నడుమ ఎవరికైనా సందేహం రాక మానదు. ఇంత సున్నితంగా ఛాయలను విడదీయడం భాష గొప్పతనమా, లేక ఎవరికో వాటితో అవసరం పడిందా? చరిత్ర రెండో జవాబు వైపే మొగ్గుతుంది.

ఫొటోలు లేని రోజుల్లో

1503లో స్పెయిన్ రాణి ఇసబెల్ సెవీయా నగరంలో కాసా దె కొంత్రతాసియోన్ అనే కార్యాలయం ఏర్పాటు చేశారు. కొత్తగా చేజిక్కిన అమెరికాకు వెళ్లే ప్రతి ఓడ, ప్రతి సరుకు, ప్రతి మనిషి దాని అనుమతితోనే కదలాలి. యూదు, ముస్లిం మూలాలున్నవారు కొత్త ప్రపంచానికి వెళ్లడం నిషిద్ధం. అనుమతి ఒకరు తీసుకుని మరొకరు వెళ్లకుండా ఉండాలంటే మనిషిని మాటల్లోనే పట్టి ఉంచాలి. అందుకే ఆ లైసెన్సుల్లో గుమాస్తాలు వయసు, ఒడ్డు పొడుగు, గడ్డం రంగు, ముఖ ఛాయ, గాయపు మచ్చలు రాసేవారు. సెవీయాలోని ఇండీస్ ఆర్కైవ్‌లో ఆ కాగితాలు ఇప్పటికీ ఉన్నాయి.

ఆ పనికి తగ్గ సమాసాలు భాషలో సిద్ధంగా ఉండేవి. 'బార్బినేగ్రో' అంటే నల్లగడ్డం వాడు. 'బార్బితాయేన్యో' ఎర్రగడ్డం వాడు. 'ఓహిసార్కో' నీలికళ్ల వాడు. అందులోని సార్కో అరబ్బీ నుంచి వచ్చిన మాట. నీలవేణి, పింగళాక్షి అని మనవాళ్లు కావ్యాల కోసం కట్టిన సమాసాల్లాంటివే ఇవి. వాటిని స్పానిష్ గుమాస్తాలు రేవులో రిజిస్టర్ల కోసం వాడుకున్నారు.

18, 19 శతాబ్దాల స్పానిష్ సైనిక రికార్డుల్లో ఈ వర్ణన ఒక మూసలో స్థిరపడింది. జుట్టు కస్తాన్యో, కనుబొమలు జుట్టులాగే, కళ్లు పార్దో, ముక్కు మామూలు, రంగు త్రిగేన్యో. వేల మంది సిపాయిలు అచ్చుగుద్దినట్టు ఇలాగే ఉంటారు. పారిపోయిన సిపాయిని పట్టుకోవడానికి ఆ వర్ణన ఎంత పనికొచ్చేదో ఊహించుకోవచ్చు. పదో తరగతి సర్టిఫికెట్‌లో పుట్టుమచ్చలు రాయించుకున్న తెలుగువారికి ఆ గుమాస్తా కష్టం తెలియనిది కాదు. నల్లజుట్టు, నల్లకళ్లు అని రాస్తే మన దగ్గర ఎవరినీ గుర్తుపట్టలేం. అందుకే మోచేతి మీద మచ్చ దాకా వెళ్లాల్సి వచ్చింది.

సాహిత్యం మాత్రం బంగారం వైపు చూసింది. 1499 నాటి 'సెలెస్తీనా' నాటకంలో నాయిక మెలిబేయాది బంగారు జుట్టు, ఆకుపచ్చ కళ్లు. ఆ కాలపు అందగత్తెలంతా దాదాపు అలాంటివారే. దేశంలో అత్యధికుల జుట్టు కస్తాన్యో అయినా కావ్యంలో దానికి చోటు తక్కువ. డాన్ క్విక్సోట్ సృష్టికర్త మిగెల్ దె సెర్వాంటెస్ దీనికి మినహాయింపు. 1613లో వచ్చిన తన కథల సంపుటి ముందుమాటలో ఆయన తన రూపాన్ని తానే వర్ణించుకున్నారు. జుట్టు కస్తాన్యో అని ఏ అలంకారమూ లేకుండా చెప్పుకున్నారు. ఊడిన పళ్లనూ దాచలేదు.

మాట చెరపడానికి 500 రియళ్లు

పార్దో అసలు అర్థం చిరుతపులి రంగు. లాటిన్‌లో పార్దుస్ అంటే చిరుత. రాత్రివేళ పిల్లులన్నీ పార్దోలే అని స్పానిష్ సామెత. చీకట్లో తేడాలు తెలియవని భావం. కానీ వలస పాలనలోని అమెరికాలో పట్టపగలే ఆ తేడా మనుషుల బతుకులు తేల్చింది.

ఐరోపా, ఆఫ్రికా, స్థానిక ఇండియన్ రక్తాలు కలిసినవారిని ఎన్నో పేర్లతో విడదీశారు. 18వ శతాబ్దపు మెక్సికోలో ఆ కలయికలను 16 గళ్లలో బొమ్మలుగా గీసి, ఒక్కోదానికి ఒక్కో పేరు రాసే చిత్రాలు పుట్టుకొచ్చాయి. తోడేలు, కొయోటే, 'గాలిలో నిలబడ్డవాడు' వంటి పేర్లూ వాటిలో ఉన్నాయి. వెనెజులాలో ఆఫ్రికన్ మూలాలున్న స్వతంత్రులను పార్దో అన్నారు. పార్దోకు విశ్వవిద్యాలయంలో చోటు లేదు, మతగురువు అయ్యే వీల్లేదు, పెద్ద ఉద్యోగం రాదు.

1795లో స్పెయిన్ రాజు ఖజానా ఒక ధరల పట్టిక ప్రకటించింది. 'గ్రాసియాస్ అల్ సకార్' అని దాని పేరు. డబ్బు కట్టి పొందగల రాయితీల జాబితా అది. అందులో ఒక అంశం: పార్దో అనే హోదా నుంచి విముక్తి, 500 రియళ్లు. డబ్బు కట్టినవాడి ఒళ్లు మారదు, కాగితం మీద మాట మారుతుంది. కారకాస్ నగరపాలక మండలిలోని తెల్లదొరలు దీనిమీద మండిపడి రాజుకు నిరసన రాశారు. వాళ్ల భయం రంగు గురించి కాదు, కొడుకుల పక్కన ఎవరు కూర్చుంటారన్నది.

స్వాతంత్ర్య పోరాటం వచ్చినా ఆ మాట వదల్లేదు. సీమోన్ బొలీవార్ వెనెజులాకు విముక్తి తెచ్చినవాడే. కానీ పార్దోల పాలన వస్తుందేమోనన్న భయానికి 'పార్దోక్రసీ' అని పేరు పెట్టుకున్నవాడు కూడా. ఆయన సేనానుల్లో ఎన్నో విజయాలు సాధించిన మనుయెల్ పియార్ పార్దో. తెల్లవారి మీదికి పార్దోలను రెచ్చగొడుతున్నాడన్న అభియోగంపై 1817 అక్టోబర్ 16న అంగోస్తూరాలో అతన్ని కాల్చి చంపారు.

పక్కనే పోర్చుగీసు మాట్లాడే బ్రెజిల్‌లో పార్దో ఇంకా జనగణన గడిగా బతికే ఉంది. 2022 లెక్కల్లో 45.3 శాతం మంది తమను పార్దోగా నమోదు చేసుకున్నారు. 43.5 శాతంతో తెల్లవారు రెండో స్థానానికి వెళ్లారు.

కంటిలో ఏముంది?

జీవశాస్త్రం దృష్టిలో ఈ గోలంతా ఒకే పదార్థం ఎక్కువ తక్కువల కథ. పేరు మెలనిన్. అందులో రెండు రకాలు. ముదురు రకం ఎక్కువుంటే జుట్టు నల్లగానో కస్తాన్యోగానో ఉంటుంది, ఎర్ర పసుపు రకం పైచేయి అయితే ఎర్రజుట్టు. కంటిపాప చుట్టూ ఉండే వలయంలో మెలనిన్ దండిగా ఉంటే గోధుమ కన్ను, తక్కువైతే తేనె కన్ను, ముందు పొరలో దాదాపు లేకపోతే నీలి కన్ను. నీలి కంట్లో నీలి రంగు పదార్థమేదీ ఉండదు. ఆకాశం నీలంగా కనిపించినట్టే, చెదిరిన వెలుతురు చేసే మాయ అది. మనం నల్లకళ్లు అని మురిసిపోయేవి కూడా చాలా ముదిరిన గోధుమ కళ్లే. అమెరికాలో డ్రైవింగ్ లైసెన్సు తీసుకున్న తెలుగువాళ్లలో చాలామంది కార్డు మీద కళ్ల రంగు దగ్గర బ్రౌన్‌కు గుర్తుగా 'బీఆర్ఓ' అన్న మూడక్షరాలు చూసే ఉంటారు.

అసలు బ్రౌన్ ఇంద్రధనుస్సులోనే లేదు. చుట్టూ వెలుతురు ఉన్నప్పుడు మసకబారిన నారింజను కన్ను గోధుమగా చదువుకుంటుంది.

తెల్ల ఒళ్లు, నీలికళ్లు కలిసే వస్తాయన్న నమ్మకానికి స్పెయిన్‌లోనే గట్టి దెబ్బ తగిలింది. లెయోన్ కొండల్లోని లా బ్రాన్యా గుహలో 2006లో దొరికిన అస్థిపంజరం సుమారు 7,000 ఏళ్ల నాటి వేటగాడిది. 2014లో వెలువడిన అతని డీఎన్ఏ విశ్లేషణ ప్రకారం అతనిది ముదురు ఛాయ, నీలి కళ్లు, నల్లని లేదా గోధుమ జుట్టు. మెక్సికో ఫిచా భాషలో అతన్ని వర్ణించాలంటే ఏ మూసా సరిపోదు.

గడులు చాలని ఫారాలు

మాటకూ ఫారానికీ మధ్య గొడవ ఈ శతాబ్దంలోనూ సాగుతోంది. అమెరికా పాలనలోని ప్యూర్టోరికోలో 2010 జనగణనలో 75.8 శాతం మంది తెల్లవారమే అని రాశారు. 2020లో అలా రాసినవారు 17.1 శాతమే. పదేళ్లలో దీవి జనం రంగు మారలేదు. ప్రశ్న అడిగిన తీరు, జవాబులను లెక్కగట్టిన తీరు, జనం తమను చూసుకునే తీరు మారాయి. సగం మంది ఒకటికి మించిన జాతుల గడిలోకి వెళ్లారు. అక్కడ రోజూ వినిపించే త్రిగేన్యోకు మాత్రం ఏ గడీ లేదు.

మెక్సికో గణాంక సంస్థ ఇంకో దారి పట్టింది. మాటలతో చిక్కని, 11 ఛాయల పట్టిక చేతికిచ్చి, మీ రంగు ఏదో చూపమంది. 2017లో ఫలితాలు బయటపెట్టింది. ఛాయ ముదిరినకొద్దీ చదువు, ఉద్యోగ హోదా తగ్గుతున్నట్టు తేలింది. దేశంలో దుమారం రేగింది. అందరూ మెస్తీసోలే, మన దగ్గర వర్ణవివక్ష లేదన్న పాత నమ్మకానికి అది మింగుడుపడలేదు.

అక్కడ రాజకీయానికి ఈ మాట బలం ముందే తెలుసు. 2014లో పార్టీగా నమోదై, 2018 నుంచి దేశాన్ని ఏలుతున్న జాతీయ పునరుజ్జీవన ఉద్యమం పొడి అక్షరాలు కలిపితే వచ్చేది 'మొరేనా'. మెక్సికన్లు ఆరాధించే గ్వాదలూపే మాతను జనం ముద్దుగా పిలుచుకునే పేరు 'మొరెనీతా', అంటే చామనఛాయ తల్లి. శత్రువు పేరులో పుట్టిన మాట దేవతకూ, పాలక పార్టీకీ చేరింది. ముదురు ఛాయ వారిని తిట్టడానికి వాడే 'ప్రియెతో' అనే మాటను కూడా కొందరు మెక్సికన్ నటీనటులు జెండా చేసుకున్నారు. సినిమాల్లో, ప్రకటనల్లో తమలాంటి ముఖాలకు చోటేదని అడిగే వారి బృందం పేరు 'పొదెర్ ప్రియెతో'.

చివరి వరుస

తిరిగి ఆ కూడలికి వద్దాం. మొరేనా క్లారా, కస్తాన్యో ఓస్కూరో, కఫే. ఈ మూడూ నిజమే. కానీ దేశంలో కోట్ల మందికి సరిపోతాయి. డీఎన్ఏను బట్టి కళ్ల రంగును అంచనా కట్టే ఐరిస్‌ప్లెక్స్ వంటి పరీక్షలు 2011 నుంచి ఉన్నాయి. అవి నీలి కంటినీ గోధుమ కంటినీ బాగానే వేరు చేస్తాయి. అందరివీ గోధుమ కళ్లే అయినచోట ఆ జవాబు ఎవరికీ దారి చూపదు. మెక్సికో శవాగారాల్లో, సామూహిక సమాధుల్లో 50 వేలకు పైగా గుర్తుతెలియని మృతదేహాలున్నాయని బాధిత కుటుంబాల ఉద్యమం 2021లో లెక్క తేల్చింది. ఒకవైపు పేరున్నా మనిషి లేని కాగితాలు, మరోవైపు మనిషి ఉన్నా పేరులేని శవాలు. రెంటిమధ్యా వంతెన వేయడానికి రంగు మాటలు చాలవు.

అందుకే ఫిచాలో ఇంకో వరుస ఉంటుంది: సెన్యాస్ పర్తికులారెస్, ప్రత్యేక గుర్తులు. కనుబొమ మీద కుట్లు, భుజం మీద పచ్చబొట్టు, విరిగిన పన్ను, చెవి వెనక పుట్టుమచ్చ. ఆ వరుస నింపేటప్పుడు గుమాస్తా మాటలు పనికిరావు, తల్లికి తెలిసినవే పనికొస్తాయి. తప్పిపోయిన కొడుకు కోసం వెతికే తల్లి కథతో ఫెర్నాండా వలాదెస్ 2020లో తీసిన మెక్సికన్ సినిమాకు పెట్టిన పేరు 'సిన్ సెన్యాస్ పర్తికులారెస్'. ప్రత్యేక గుర్తులేవీ లేవు అని అర్థం.

సెవీయా గుమాస్తా నుంచి మెక్సికో తల్లి దాకా అయిదు వందల ఏళ్లుగా స్పానిష్ భాష ఒక ముఖాన్ని మాటల్లో పట్టుకోవడానికి ప్రయత్నిస్తూనే ఉంది. రాజ్యానికి ఆ మాటలు ఎవరిని ఆపాలో చెప్పాయి. ఈ తల్లులు అవే మాటలతో ఎవరిని ఇంటికి తేవాలో చెబుతున్నారు. కస్తాన్యోనా, మర్రోనా అన్నది విద్యార్థికి ఒక మార్కు తేడా. కూడలిలో కాగితం అతికించే తల్లి దాన్ని తేలిగ్గా తీసుకోదు.

ఏ దేశంలో ఏ మాట?

కఫే: కాఫీ రంగు. మెక్సికో, మధ్య అమెరికా, కొలంబియా, చిలీల్లో గోధుమ కళ్లకు.

మర్రోన్: స్పెయిన్, అర్జెంటీనా, పెరూల్లో కళ్లకు, వస్తువులకు. స్పెయిన్ వాడుకలో 'మర్రోన్ తినడం' అంటే ఎవరిదో తలనొప్పి మన నెత్తిన పడటం.

కస్తాన్యో: జుట్టుకు అన్ని దేశాల్లోనూ. కళ్లకూ, గుర్రాలకూ వాడతారు. ఏదైనా 'ముదురు కస్తాన్యోను దాటిపోయింది' అంటే ఇక సహించలేని స్థాయికి చేరిందని అర్థం.

మొరోచో: అర్జెంటీనాలో నల్లజుట్టు మనిషి. మూలం క్వెచువా భాషలో ఒక రకం గట్టి మొక్కజొన్న పేరు. టాంగో గాయకుడు కార్లోస్ గార్దెల్‌ను అభిమానులు 'అబాస్తో మొరోచో' అనేవారు.

అవెయానా: హేజెల్ గింజ రంగు. ఆకుపచ్చ కలిసిన గోధుమ కళ్లకు.

లేతరంగు మనిషికి: మెక్సికోలో గ్వేరో, గ్వాటెమాలాలో కాన్చే, నికరాగువాలో చేలే, వెనెజులాలో కాతీరే, కోస్టారికాలో మాచో, కొలంబియాలో మోనో. చివరి మాటతో జాగ్రత్త. మిగతా చాలా దేశాల్లో మోనో అంటే కోతి.